వస్తుంది, వస్తుంది అంటూ పదమూడేళ్ళు: నా డిస్కు ప్లేయరూ పాత సినిమాల జోస్యాలూ

2012 దీపావళికి చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొన్న బ్లూరే (డీవీడీకన్నా స్పష్టంగా బొమ్మ కనబడే డిస్కు) ప్లేయర్ ఇంకా పనిచేస్తోంది. సమీక్ష చదివేవాళ్ళు మొదట అడిగేది అదే కాబట్టి ముందే చెప్పేశాను. కంపెనీ పేరు రాయను, ఆ మోడల్ ఇప్పుడు ఎక్కడా దొరకదు, పైగా చెప్పబోయేవాటిలో తిట్లు కూడా ఉన్నాయి. ఆ ప్లేయర్‌ని ఏ ఆశతో కొన్నానో, ఇన్నేళ్ళు వాడాక ఆ ఆశ ఏ కండిషన్‌లో ఉందో కూడా ఇందులోనే కలిపి రాస్తున్నాను, విడదీసి రాయడం నా వల్ల కాలేదు.

ఆశ పెద్దదేమీ కాదు. మన పాత తెలుగు సినిమాలు ఇవాళో రేపో మంచి బ్లూరేలుగా వస్తాయని. 2010 జనవరిలో మాయాబజార్ రంగులేసుకుని థియేటర్లకి వచ్చింది, హైదరాబాద్‌లో గోల్డ్‌స్టోన్ వాళ్ళు చేశారు. నెల్లూరు వెళ్ళి మా అమ్మతో కలిసి చూశాను. అమ్మకి నచ్చింది. నాకు రంగు నచ్చలేదు, మూడు గంటలు దాటే సినిమాని రెండుముప్పావుకి కుదించడం అంతకన్నా నచ్చలేదు, కానీ ఒక్క సినిమాకే ఇంత చేశారంటే మిగతావి వరసపెట్టి రావా అనుకున్నాను. రాలేదు. నెగటివ్ (సినిమా అసలు ఫిల్ము) హక్కులు నిర్మాతలు ఎప్పుడో టీవీ ఛానళ్ళకి అమ్మేసుకున్నారు, ఎవరు ముట్టుకున్నా తగాదా. ఇది తెలుసుకునేటప్పటికి నేను ప్లేయర్ కొనేశాను.

ఇక ప్లేయర్ సంగతి. “ఆల్ రీజియన్ సార్” అని అమ్మాడు కొట్లో కుర్రాడు, అంటే ఏ ప్రాంతం తాళం వేసిన డిస్కయినా ఆడుతుందని. డీవీడీలకి నిజమే, రిమోట్‌లో ఏవో అంకెలు నొక్కితే అన్నీ ఆడాయి. బ్లూరేలకి కాదు. బ్లూరే లెక్కలో మనది సి, అమెరికా జపాన్‌లది ఎ, యూరప్‌ది బి. న్యూజెర్సీలో ఉన్న మా పెద్దమ్మ కొడుకు సూట్‌కేసులో పెట్టుకొచ్చిన మొదటి డిస్కు పెడితే తెరమీద ఒక మెసేజ్ వచ్చి కూర్చుంది, ఇంకేమీ రాలేదు. అన్నయ్య ముందు నా మొహం చూడాలి. మళ్ళీ అదే వీధికి వెళ్ళి, వేరే కొట్లో డబ్బు పోసి లోపల చిప్పు వేయించుకున్నాను, అప్పటినుంచి ఏ దేశం డిస్కయినా ఆడుతోంది. ఇప్పుడు కొనేవాళ్ళకి ఒక్క మాట: బ్లూరేకన్నా స్పష్టమైన 4కె డిస్కులకి ఈ రీజియన్ గొడవ లేదు, కానీ 4కె ప్లేయర్‌లో మామూలు బ్లూరే పెడితే గొడవ మళ్ళీ మొదటికొస్తుంది, కొట్టువాడు చెప్పడు. కొనేది కూడా త్వరగా కొనండి. ఒప్పో 2018లో ప్లేయర్లు చేయడం ఆపేసింది, ఆ తర్వాతి ఏడు శాంసంగ్, 2024లో ఎల్జీ కూడా తప్పుకున్నాయి.

ట్రే రబ్బరు బెల్టు రెండుసార్లు సాగింది, నోట్లోంచి నాలుక బయటికి రానట్టు ట్రే సగంలో ఆగిపోయేది, పెన్ను మూతతో లాగేవాణ్ణి. లెన్సు ఒకసారి మార్చాను. ఉప్పుగాలికి ఇంతకన్నా మన్నిక అడగకూడదు. ఈ ఊళ్ళో అసలు శత్రువు బూజు, ఐప్పసి కార్తీక వానల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, డిస్కుల మీద సాలెగూడులాగా పడుతుంది. చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా పొట్లాలు పోగేసి అరలో పడేయడం తప్ప నాకు వేరే వైద్యం తెలియదు.

2015 డిసెంబరులో అడయారు పొంగినప్పుడు మేం జాఫర్‌ఖాన్‌పేటలో కింది వాటాలో ఉండేవాళ్ళం. ప్లేయర్ టీవీతో పాటు పైకి చేరింది, కింది రెండు అరలు మాత్రం రెండు రోజులు నీళ్ళలో నానాయి. కవర్లు ముద్దయిపోయాయి. డీవీడీలు కడిగి ఫ్యాను కింద ఆరబెడితే దాదాపు అన్నీ ఆడాయి, ఎందుకంటే వాటిలో మెరిసే పొర రెండు ప్లాస్టిక్ పలకల మధ్య ఇరుక్కుని ఉంటుంది. వీసీడీల్లో ఆ పొర పైపైనే, బొమ్మ ముద్రించిన వైపు ఉంటుంది, అది పెచ్చులూడిపోయింది. అరవై దాకా వీసీడీలు పోయాయి. నాకప్పుడు ఏమాత్రం బాధ కలగలేదు, అదీ నేను చెప్పదలుచుకున్నది. అడ్డంగా 352, నిలువుగా 288 చుక్కల బొమ్మ, పాట మధ్యలో తెగి రెండో డిస్కు పెట్టమనే సరుకు, పోతే పోయింది, ఎలాగూ బ్లూరే వస్తుంది కదా అనుకున్నాను. పదేళ్ళయింది. ఆ అరవైలో నేను మళ్ళీ పూర్తి నిడివితో కొనగలిగినవి పదకొండు. బ్లూరేలో వచ్చినది సున్నా.

వస్తుంది కదా అన్న ఈ జబ్బు నా ఒక్కడిదే కాదు. మేం నలుగురం ఉన్నాం, ఒకాయన బెంగళూరులో, ఇద్దరు ఇక్కడే, నేను. ఎక్కడ చిన్న గుర్తు కనబడినా జోస్యం మొదలు. న్యూయార్క్‌లో మంచి సినిమాలు ఏరి డిస్కులు వేసే క్రైటీరియన్ వాళ్ళ సినిమాలకయితే ఈ ఆటకి పద్ధతంటూ ఉంది: నెల మధ్యలో ప్రకటిస్తారు, మూడు నెలలకి డిస్కు చేతికొస్తుంది, కొత్త సంవత్సరానికి ఒక పిచ్చి బొమ్మ గీసి వదిలితే అందులో ఏ సినిమాలు దాగున్నాయో జనం కనిపెడుతూ కూర్చుంటారు. కాన్ లోనో బొలోన్యా లోనో చిత్రోత్సవంలో బాగుచేసిన కాపీ వేశారంటే డిస్కు వెనకాలే ఉందని సగం నమ్మొచ్చు. మనకి గుర్తులు వేరు, హీరో పుట్టినరోజులు. 2022 ఆగస్టులో పోకిరి 4కె అన్నారు, డిస్కు వస్తుందన్నాం. తర్వాత జల్సా, ఖుషి, సింహాద్రి, మురారి, ఇంద్ర, ప్రతిదానికీ అదే మాట. బెంగళూరాయన ఇంద్రకి బిర్యానీ పందెం కూడా కాశాడు. అది నాకు ఇంకా బాకీ.

ఒక్కటీ రాలేదు. రాదు కూడా, ఇప్పుడు అర్థమవుతోంది. ఆ 4కె థియేటర్లో ఒకటి రెండు రోజుల కాగితాలు ఎగరేయడానికి చేసింది. అందులో కొన్నింటికి నెగటివ్ దాకా వెళ్ళారో, ఉన్న ఫైలునే సాగదీసి పోస్టరు మీద అంకె వేశారో తెర చూస్తే తెలిసిపోతుంది, ముఖాలు మైనం పూసినట్టు ఉంటాయి.

ఈ విషయంలో నా కళ్ళు తెరిపించింది మా వీధిలో ఉండే ఒక పెద్దాయన. కలర్ ల్యాబుల్లో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు, మేం మామయ్యగారూ అనే పిలుస్తాం. ఓసారి నేను ఆవేశంగా నా జోస్యాల జాబితా చదువుతుంటే కాఫీ పక్కన పెట్టి, “ఏ సినిమా గొప్పదని కాదు అబ్బాయ్, దాని నెగటివ్ ఎక్కడుందో చెప్పు, డిస్కు వస్తుందో రాదో నేను చెప్తా” అన్నారు. “ఎక్కడుంటుంది మామయ్యగారూ, ల్యాబులోనే కదా?” అన్నాను. ఆయన నవ్విన నవ్వు నాకింకా గుర్తుంది. అద్దె కట్టక వదిలేసిన డబ్బాలు, మూత తీస్తే వెనిగర్ కంపు కొట్టే రీళ్ళు, పచ్చా నీలం ఎగిరిపోయి మొత్తం ఎర్రబారిన ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్లు, నలుపు తెలుపు ఫిల్ముల్ని వెండి కోసం కరిగించిన రోజులు, ఒక గంట చెప్పారు. మన తొలి టాకీ భక్త ప్రహ్లాద, 1932ది, ఇవాళ చూద్దామంటే కాపీయే లేదు. దానికి ఏ 4కె అయినా ఏం చేస్తుంది?

విచిత్రమేమిటంటే బాగుచేసే పనితనం మా గుమ్మం ముందే ఉంది. సాలిగ్రామంలో ప్రసాద్ వాళ్ళు దేశదేశాల సినిమాలకి ఫ్రేము ఫ్రేముకీ దుమ్ము దులిపి గీతలు తుడిచి పంపుతారు, ఆ స్కానర్లు చేసే జర్మనీ కంపెనీ కూడా వాళ్ళదే. మాయాబజార్ తీసిన వాహినీ ఫ్లోర్లు ఉన్న వడపళని అక్కడికి నడిచిపోయేంత దూరం. ఫ్లోర్ల చోట ఇప్పుడు షాపింగ్ మాల్ ఉంది, అందులో డిస్కుల కొట్టు లేదు.

నా అరలో అన్నిటికన్నా ఇష్టమైన డిస్కు ఏదంటే నాట్యకారుడు ఉదయ్ శంకర్ తీసిన కల్పన. 1948 సినిమా, ఇదే మద్రాసులో జెమినీ స్టూడియోలో తీసింది. పుణె ఫిల్మ్ ఆర్కైవ్‌లో ఉన్న డూప్ (నకలు) నెగటివ్ నుంచి బొలోన్యాలో బాగుచేశారు, 2012లో కాన్‌లో వేశారు, 2022లో క్రైటీరియన్ పెట్టెలో బ్లూరేగా వచ్చింది. న్యూజెర్సీ అన్నయ్య క్రైటీరియన్ సగం ధర సేల్‌లో కొని పట్టుకొచ్చాడు. నుంగంబాక్కంలో తీసిన సినిమా, అమెరికా రీజియన్ తాళం వేసుకుని, సూట్‌కేసులో మా ఇంటికి చేరింది. చిప్పు వేయించిన డబ్బు ఆ ఒక్క రాత్రికే గిట్టుబాటయింది. సత్యజిత్ రాయ్ అపూ సినిమాల నెగటివ్‌లయితే 1993లో లండన్‌లో కాలిపోయాయి, కాలినవాటిలో పనికొచ్చే ముక్కల్ని మెత్తబరిచి అతికి స్కాన్ చేశారు, మిగతాది వేరే కాపీల నుంచి తీసుకున్నారు, 2015లో డిస్కులొచ్చాయి. కాలినా ఎక్కడున్నాయో తెలుసు కాబట్టి అయింది. మామయ్యగారి లెక్క అక్కడ సరిపోయింది.

మన దాంట్లోనూ రెండున్నాయి. జగదేకవీరుడు అతిలోకసుందరి 2025 మే 9న మళ్ళీ విడుదలైంది, సరిగ్గా 35 ఏళ్ళకి. విజయవాడలో దొరికిన ప్రింటు మీద పనిచేసి తెచ్చారు. అదే ఏడు నవంబరులో శివ, అన్నపూర్ణా వాళ్ళు సౌండు కూడా కొత్తగా చేసి వదిలారు. ఈ రెండూ సొంతదారుల చేతుల్లోనే ఉన్న సినిమాలు, పని కూడా అయిపోయింది. కాబట్టి ఎప్పటికైనా డిస్కు వస్తే ఈ రెండిట్లో ఒకటి ముందు వస్తుందని నా పందెం, అదీ ఇక్కడ కాదు, జపాన్‌లో. నవ్వకండి, బాహుబలికీ ఆర్ఆర్ఆర్‌కీ బుద్ధిగా బ్లూరేలు వేసి అమ్మారు అక్కడ, జపనీస్ సబ్‌టైటిళ్ళతో. జపాన్ కూడా ఎ రీజియనే, నా చిప్పు చాలు.

పాతవాటి విషయంలో మా వాళ్ళు ఎప్పుడూ ఎత్తే వాదన కాపీరైటు. సినిమా విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ళు, అంతే. ఆ లెక్కన మాయాబజార్ 2017తో, గుండమ్మ కథ 2022తో, లవకుశ 2023తో బయటపడ్డాయి, ఎవడైనా వేసుకోవచ్చు అంటారు. కానీ పాటకి లెక్క వేరు, రాసినాయన పోయాక 60 ఏళ్ళు. పింగళి నాగేంద్రరావుగారు 1971లో పోయారు, ఆయన మాటల మీద 2031 దాకా ఎవరో ఒకరు కాగితం పట్టుకుని రావచ్చు. పాటలు తీసేసిన మాయాబజార్ ఎవడిక్కావాలి? పైగా హక్కు పోయినంత మాత్రాన నెగటివ్ నడిచి రాదు. 2024 సెప్టెంబరులో అక్కినేని వందేళ్ళకి ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వాళ్ళు దేవదాసు, మిస్సమ్మ, సుడిగుండాలతో సహా పది సినిమాలు ఊరూరా థియేటర్లలో వేశారంటే కనీసం అవి వేయగలిగిన స్థితిలో ఉన్నాయన్న మాట. నేనయితే పుట్టినరోజు 4కెలు చూడ్డం మానేసి ఇలాంటి జాబితాలు చూస్తున్నాను.

ఇంకొకటి, సేకరించేవాళ్ళు ఎక్కువగా కొట్టుకునేది నిడివి గురించి. బెంగళూరాయన తన పాల్ (మన దేశపు టీవీ పద్ధతి) డీవీడీలో ఏడు నిమిషాలు కోసేశారని రెండు నెలలు నన్ను తిన్నాడు. కోయలేదు. సినిమా సెకనుకి 24 ఫ్రేములు, పాల్ వీడియో 25, కాబట్టి 180 నిమిషాల సినిమా 173కి పరిగెడుతుంది, ఘంటసాల గొంతు కూడా కాస్త పలచబడి పైకి పోతుంది. అనుమానముంటే పాట పక్కన హార్మోనియం పెట్టుకోండి. నిజంగా కోతలున్న డిస్కులు కూడా బోలెడు, మూడు సినిమాలు ఒక డీవీడీలో కుక్కినవి, హీరో మొహం మీద కంపెనీ లోగో తేలుతూ ఉండేవి. అలాంటి ఒక కంపెనీ డెబ్బైల నాటి సినిమా ఒకటి 5.1 (చుట్టూ స్పీకర్లలో వినబడే సౌండు) అని కొత్తగా వేస్తే, వెర్రివాణ్ణి, ఎగబడి కొని, పాత మోనో డీవీడీ ఎవరికో ఇచ్చేశాను. ఇంటికొచ్చి చూస్తే గుర్రపు డెక్కల చప్పుడు కొత్తది, పాటలో వీణ వెనకాల ఎవరో కీబోర్డు వాయించారు, రెండు పద్యాలు లేవు. పాతది ఇంతవరకూ మళ్ళీ దొరకలేదు.

అందుకే ఇప్పుడు నా వాడకం మారింది. కొత్తది చేతికొచ్చి, పూర్తిగా చూసి, నిడివి సరిపోయాకే పాతదాని సంగతి. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ వాళ్ళు వీసీడీ 28, డీవీడీ 34 రూపాయలకి ఇచ్చిన రోజుల్లో ఇంటింటా కొన్న కట్టలు ఇప్పుడు పల్లావరం శుక్రవారం సంతలో గోనెపట్టా మీద పోసి అమ్ముతున్నారు, పది రూపాయలు, ఇరవై. ఎండ తగిలిన వైపు తీసుకోకండి, వెలుగుకి ఎత్తి పట్టుకుని సూది బెజ్జాలున్నాయేమో చూడండి.

మార్కులంటారా, ప్లేయర్‌కి ఐదుకి నాలుగు, ఆ మిగిలిన ఒకటి బెల్టుకి కోశాను. నా జోస్యాలకి అర, అదీ కల్పన మొహం చూసి. మొన్న శుక్రవారం సంతలో ఒక నలుపు తెలుపు సినిమా రెండు వీసీడీల సెట్టు దొరికింది, వరదలో పోయిన అరవైలోదే, రెండో డిస్కు లేదు. ఎవరి దగ్గరైనా రెండోది ఒక్కటే మిగిలి ఉందేమో. నా దగ్గర డబుల్స్ చాలా ఉన్నాయి, మార్చుకుందాం.