పాత పదహారడుగుల క్యాటమరాన్: బాగుచేసి కొన్నేళ్లు వాడాక

సెకండ్ హ్యాండ్ క్యాటమరాన్ (జంట బాడీల తెరచాప పడవ) కొనేవాళ్లకు ముందే చెప్పేస్తున్నా, తెరచాప చూసి పడిపోకండి. రంగురంగుల కొత్త తెరచాప కడితే పడవంతా కొత్తదిలాగే కనిపిస్తుంది. తెరచాప మాసినా, కాస్త సాగినా సరదాగా తిరగడానికి సరిపోతుంది, కానీ హల్ (నీళ్లలో తేలే పడవ బాడీ) మెత్తబడిందంటే ఎంత డబ్బు పోసినా దండగే.

నాది హోబీ 16 అనే మోడల్ తరహా పడవ. రెండు సన్నటి ఫైబర్‌గ్లాస్ హల్స్, వాటిని కలిపే అల్యూమినియం ఫ్రేమ్, దాని మీద ట్రాంపొలిన్, అంటే మనం కూర్చునే బిగుతు గుడ్డ. పక్కకు జారకుండా నీళ్లలోకి దించే పలకలు, అదే డాగర్‌బోర్డులు, ఉండవు. ఒక్కో హల్ బయటి వైపు చదునుగా, లోపలి వైపు ఉబ్బెత్తుగా ఉంటుంది కాబట్టి గాలికి మరీ పక్కకు జారిపోదు. నేరుగా ఇసుక మీదికి ఎక్కించేయొచ్చు, నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. అలా లాగీ లాగీ అడుగు అరిగిపోతుంది, అందుకే కొనేముందు పడవను పక్కకు ఒరిగించి కింద చేత్తో తడిమి చూడాలి.

డెక్‌ని (హల్ పైభాగాన్ని) మాత్రం స్క్రూడ్రైవర్ పిడితో అంగుళం అంగుళం తట్టుకుంటూ పోవాలి. గట్టిగా ఉన్నచోట టక్ టక్‌మంటుంది, ఫోమ్ నుంచి గ్లాస్ పొర ఊడిన చోట మొద్దు శబ్దం వస్తుంది. నా పడవకి మాస్ట్ (తెరచాప స్తంభం) ముందు కుడి హల్ మీద అరచేయంత మేర ఇలాగే ఉండేది. హల్ డ్రెయిన్ రంధ్రాల మూతలు తీసి బాగా ఆరబెట్టి, పై పొర దాకానే 3 మిల్లీమీటర్ల బెజ్జాలు వేసి, పల్చటి ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) సిరంజితో ఎక్కించా. పక్క బెజ్జంలోంచి ఉబికి వచ్చేదాకా ఎక్కిస్తూనే ఉండాలి, తర్వాత ప్లాస్టిక్ షీట్ పరిచి బరువు పెట్టాలి. ఎపాక్సీ ఒకేసారి గిన్నెడు కలిపితే దాని వేడికి అదే పొగలు కక్కి గడ్డకట్టేస్తుంది, కొంచెం కొంచెంగా కలుపుకోండి. ఇప్పటికీ అదే చోట మోకాలు ఆనించి పని చేసుకుంటున్నా, చెక్కుచెదరలేదు.

లీకులు పట్టుకోవడం తేలికే. డ్రెయిన్ రంధ్రంలోకి నోటితో గాలి ఊది అతుకుల మీద సబ్బునీళ్లు పూస్తే బుడగలు వస్తాయి (కంప్రెసర్ జోలికి పోకండి, ఉన్న అతుకులు కూడా విడిపోతాయి). ఇంకోటి, ఎండలో కాగిన హల్‌ని అలాగే చల్లటి నీళ్లలోకి తోస్తే లోపలి గాలి కుంచించుకుని వెంట్రుకంత పగుల్లోంచి కూడా నీళ్లు లాగేస్తుంది, అందుకే ఒడ్డున మూతలు తీసే ఉంచుతా, దించేముందు హల్ పైన కాసిని నీళ్లు పోసి చల్లబడ్డాకే బిగిస్తా.

మాస్ట్‌ని పట్టి ఉంచే స్టీల్ తీగలు ఎంత మెరుస్తున్నా, వయసు తెలియకపోతే మార్చేయండి. స్టెయిన్‌లెస్ స్టీల్ చివర్ల దగ్గర, బిగింపు లోపలే అలసిపోయి, చెప్పాపెట్టకుండా తెగుతుంది. గుడ్డతో తుడిచి చూడండి, ఒక్క పోగు తెగి ఉన్నా గుడ్డకి తగులుకుంటుంది. మాస్ట్ దాదాపు 8 మీటర్లు, పైగా అల్యూమినియం, లేపేముందు పైన కరెంటు తీగలున్నాయేమో చూడటం మర్చిపోవద్దు.

అల్యూమినియంలో స్టెయిన్‌లెస్ రివెట్లు కొట్టి ఉంటే ఉప్పునీటికి చుట్టూ తెల్లటి పొడి రాలుతుంది, నేను మోనెల్ (నికెల్-రాగి మిశ్రమం) రివెట్లకు మారాక ఆ గోల తగ్గింది. చుక్కాని పిన్నులు, బుష్‌లు చవక, లూజు కనబడితే ఆలోచించకుండా మార్చేయడమే. ట్రాంపొలిన్ గుడ్డ బాగానే ఉన్నా ఎండకి కుట్టు దారం ముందు పోతుంది, గోటితో గీకితే తెలిసిపోతుంది.

వేగం సంగతి వేరే చెప్పక్కర్లేదు, ఓ మాదిరి గాలికే ఒక హల్ నీళ్ల మీంచి లేస్తుంది. గాలి వెనక నుంచి కొట్టేటప్పుడే టెన్షన్, ముక్కు నీళ్లలోకి దిగిందంటే పడవ ముందుకు మొగ్గేసి బోల్తా పడుతుంది, బరువంతా వెనక్కి జరపాలి. సన్నటి మనిషి ఒక్కడే దీన్ని మళ్లీ నిలబెట్టడం చాలా కష్టం. ఒంటరిగా వెళ్లేవాళ్లు బోల్తా పడ్డ పడవను లేపడానికి నీళ్లు నింపి వేలాడదీసుకునే రైటింగ్ బ్యాగ్ కొనుక్కోండి, లేదా 14 అడుగులది చూసుకోండి.