పడ్డ మనిషికి కండ్లు చూపించుడు: హన్మకొండల మేం పోయిన కండ్ల హాస్పిటల్, 5 కు 4 స్టార్లు

జర పెద్దగనే రాస్తున్న, ఓపికుంటె మొత్తం చదవండి, లేకుంటె బాత్రూం మెట్టు ముచ్చట ఒక్కటన్న చదవండి. హాస్పిటల్ పేరు రాస్తలేను, మంచీ చెడూ రెండు చెప్పేది ఉన్నది కాబట్టి.

మా అత్తమ్మకు 68 ఏండ్లు. దసరా అయిన వారానికి, డాబా మీద ఎండవోసిన పెసర్లు చాటల పట్టుకొని దిగుకుంట పడ్డది. పై నుంచి పడలే, ఆఖరి మెట్టు కాడ పడ్డది. కుడి చెయ్యి మణికట్టు కాడ క్రాక్ వచ్చింది, సిమెంట్ కట్టు వేసిన్రు, ఆరు వారాలు. చూసిపోను వచ్చినోళ్లంత బత్తాయిలు తెచ్చుడు, మైకం వచ్చిందా, షుగర్ డౌన్ అయిందా, చెప్పులు జారినయా అని అడుగుడు. అత్తమ్మ మాత్రం అందరికి ఒక్కటే చెప్పింది, "మెట్లు అయిపోయినయ్ అనుకున్న బిడ్డా, ఇంకోటి ఉండె" అని. ఆ మాట మా ఇంట్ల ఎంత లేదన్న ముప్పై సార్లు విన్న, కని దాన్ల ఏమున్నదో మాకెవ్వలకు తట్టలే. కట్టు ఇప్పినంక చేతికి ఎక్సర్‌సైజ్ చేయించే ఫిజియోథెరపీ అమ్మాయి విని, "అమ్మా, మీరు కండ్లు ఎప్పుడు చూపించుకున్నరు?" అన్నది. అప్పుడు నా మొకం నా అత్తమ్మ మొకం చూడాలె.

ఎప్పుడు చూపించినమంటే, 2018 ల ఊర్ల సర్కారోళ్లు కంటి వెలుగు క్యాంపు పెట్టినప్పుడు దగ్గరి చూపు అద్దాలు ఇచ్చిన్రు, అవి బియ్యం ఏరెటందుకు మంచిగనే పనిచేసినయ్. తర్వాత రెండేండ్ల కింద మేమే ఒక అద్దాల షాపుకు తీస్కపోతే మిషన్ల గడ్డం పెట్టించి పది నిమిషాలల్ల గీత అద్దాలు చేసి ఇచ్చిన్రు, పైన దూరం చూపు, కింద దగ్గరి చూపు. డాక్టర్ లేడు, మందు చుక్కలు లేవు. ఒక్కటే జోడు, పొద్దుగాల పెట్టుకుంటె పండుకునేదాక తియ్యది. మేం కూడ మంచిగున్నయ్ లే అనుకున్నం.

మా ఆయనైతే "చెయ్యి ఇరిగితే కండ్ల దవాఖాన ఎందుకే" అన్నడు. సరే అనిపించి నేనే ఆటోల తీస్కపోయిన. ఓపీ 300, మూడు నెలలు చెల్లుతది అన్నరు. పొద్దుగాల 9 కే పోయినం కని బయటవడేసరికి 2 దాటింది, ఇది ముందే తెలుసుకొని పోండి, షుగర్ ఉన్నోళ్లను పరిగడుపున తీస్కపోకండి.

ఇగ చూసుడు మాత్రం, నిజం చెప్పాలంటె, నేను గిట్ల చూస్తరని అనుకోలే. ఫస్టు అడిగింది నంబర్ గురించి కాదు. పడ్డప్పుడు తలకు తగిలిందా, పడ్డంక కండ్లల్ల మెరుపులు వస్తున్నయా, నల్ల చుక్కలు ఎగురుతున్నయా, ఓ పక్క పర్దా వేసినట్టు అయితుందా, ఒక్కటి రెండు కనవడుతున్నయా అని అడిగిన్రు. తలకు దెబ్బ తగిలినోళ్లకు వీటిల ఏ ఒక్కటున్నా వారం పది రోజులు ఆగొద్దట, ఆ రోజే పోవాల్నట, కంటెనక పర్ద ఊడే ప్రమాదం ఉంటదట. మాకు ఏమీ లేవు, దేవుని దయ. మేం ఆరు వారాలకు పోతిమి, ఉంటె ఏమైతుండెనో.

తర్వాత మిషన్ల చూపించిన్రు, అండ్ల ఒక గాలి బుగ్గ బొమ్మ ఉంటది గద, అత్తమ్మ "ఆ బుగ్గ కింద తొవ్వ గూడ ఉన్నది, తొవ్వ ఎటు పోతది" అని అడిగింది, ఆ పిల్లగాడు నవ్వి నవ్వి సచ్చిండు. చదువు రాదని చెప్తె అక్షరాల బోర్డు తీసి ఇంగ్లీషు 'ఈ' అక్షరాల బోర్డు పెట్టిన్రు, మూడు కాళ్లు ఎటు దిక్కు ఉన్నయో చేత్తో చూపిస్తే సాలు. ఇది నాకు మస్తు నచ్చింది, చదువు రానోళ్లను పరేషాన్ చేయలే. కుడి కన్ను 6/12, ఎడమ కన్ను 6/60. అంటే అందరు 60 మీటర్ల నుంచి చూసేదాన్ని ఎడమ కన్నుతోని ఈమె 6 మీటర్ల కాడికి వస్తే గని చూడదు. రెండు కండ్లు తెరిచి ఉంటె కుడి కన్ను సంభాళించుకుంట వచ్చింది, అందుకే ఆమెకు సోయి లేదు, మాకు సోయి లేదు. ఇంట్ల ఒక కన్ను మూసి చూపిస్తె అయిపోతుండె, ఎవ్వలం చూసినం.

కంటి ప్రెషర్ 15, 16 వచ్చింది, 21 లోపుంటె మామూలేనట. డాక్టరమ్మ ఎదురుంగ కూసొని రెండు చేతులు పక్కలకు చాపి వేళ్లు కదిలిచ్చి ఎన్ని కనవడుతున్నయ్ చెప్పు పెద్దమ్మా అని చూసింది. నీటి కాసుల బీమారి (గ్లకోమా) ఉంటె పక్కల చూపు పోతదట, మనిషికి తెల్వనే తెల్వదట, తలుపు దర్వాజకు భుజం కొట్టుకునుడు, కింద ఉన్న బిందె తన్నుకునుడు గిట్ల అయితదట. మా అత్తమ్మకు అది లేదు. తర్వాత బూడిద రంగు 'ఈ' అక్షరాలు, ఒక్కో లైను ఇంకింత వెలిసిపోయినట్టు అయ్యే బోర్డు చూపించిన్రు. అండ్ల మా అత్తమ్మ మధ్యల్నే ఆగిపోయింది. నల్లయి మంచిగ కనవడుతున్నయ్, వెలిసినయి కనవడ్తలేవు. మా మెట్లు చూడాలె మీరు, అన్ని ఒక్క తీరు బూడిద సిమెంటు, ఏ మెట్టు ఎక్కడ అయిపోయిందో నాకే మబ్బుల తెల్వదు.

ఇగ అసలు ముచ్చట. డాక్టరమ్మ అత్తమ్మను లేపి, బయట మూడు మెట్లుంటె ఆ అద్దాలు పెట్టుకొనే దిగమన్నది, ఇద్దరు పక్కల పట్టుకున్నరు. దిగినంక అద్దాలు తీసి దిగమన్నది. అద్దాలు లేకుండనే మంచిగ దిగింది! ఎందుకంటె గీత అద్దాలల్ల కింది ముక్క పేపర్ చదివేంత దూరానికి, అంటే మూరెడు దూరానికి చేసింది. మెట్టు దిగేటప్పుడు మనం కండ్లు కిందికి వంచి చూస్తం, చూపు ఆ ముక్కలకెల్లి పోతది, పాదాలేమొ మూరెడు దూరంల లేవాయె, మొత్తం మసక. దానికి తోడు ఎడమ కంట్ల మోతిబిందు (శుక్లం) ముదిరింది, రెండు కండ్లు కూడితెనే మెట్టు ఎంత లోతున్నదో సరిగ్గ అంచనా దొరుకుతది, ఆమెకు ఒక్క కన్నే పనిచేస్తున్నది. అంటే "ఇంకోటి ఉండె" అని ముప్పై సార్లు చెప్పింది ముప్పై సార్లు కరెక్టే.

డాక్టరమ్మ చెప్పింది ఏందంటె, ఎడమ కన్ను ఆపరేషన్ చేయించాలె, అప్పటిదాక నడిచేటప్పుడు, మెట్లెక్కేటప్పుడు ఉత్త దూరం చూపు అద్దాలు, బియ్యం ఏరేటప్పుడు పాత దగ్గరియి. ఖరీదువి కొనకండి, ఆపరేషన్ అయితె నంబర్ మొత్తం మారుతది అన్నది. కొత్త అద్దాలు పెట్టుకున్న మొదటి రోజులల్ల నేల ఎత్తుపల్లం ఉన్నట్టు కొడుతది, అప్పుడు గూడ పడుతరు, ఇంట్ల తిరిగి అలవాటైనంకనే బయటికి పంపండి అన్నది. ఇంకో మాట, "మొత్తం కండ్ల మీదనే వేయకండి, బీపీ గోలీలు వేసుకుంటది గద, పండుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డంక ఒకసారి బీపీ చూపించండి, పై నంబర్ 20 తగ్గితె గోలీలు రాసిన డాక్టర్‌కు చెప్పండి" అన్నది. తన దగ్గర ఆపరేషన్ పెట్టుకొని వేరే డాక్టర్ కాడికి పొమ్మన్నది చూడండి, ఆ ఒక్క మాటకు నాకు నమ్మకం కలిగింది.

ఇప్పుడు లొల్లి. కింద హాస్పిటల్ వాళ్లదే అద్దాల కౌంటర్ ఉన్నది. మీద అంతస్తుల డాక్టరమ్మ ఉత్త దూరం చూపు అద్దాలు అన్నదా, కిందికి దిగంగనే ఆ కౌంటర్ పిల్లగాడు "మేడం, గీత లేని ప్రోగ్రెసివ్ వేసుకోండి, 9,500, అమ్మకు ఫ్యాషన్‌గ ఉంటది" అంటడు. గీత లేకుంటె ఏమాయె, కింది భాగం దగ్గరి చూపే గద, మళ్ల అదే మెట్టు అదే పడుడు, పైగ నెల రోజులల్ల నంబర్ మారేది. చీటి చూపించి గట్టిగ అడిగితె 850 ల ఉత్త దూరం చూపు అద్దాలు చేసి ఇచ్చిండు. చీటి చదవని పెద్దమనుషులు ఒక్కలే వస్తె ఏం చేస్తరో.

రెండోది బాత్రూం మెట్టు. కంటెనక పర్ద చూసెటందుకు కంటి పాప పెద్దగయ్యే మందు చుక్కలు మూడు సార్లు వేసిన్రు, షుగర్ పన్నెండేండ్ల నుంచి ఉన్నది కాబట్టి అది తప్పకుండ చూడాలెనట, చూసిన్రు, మంచిగున్నది. కని ఆ చుక్కలు వేసినంక నాలుగైదు గంటలు మసకనే ఉంటది, వెలుతురు కొడుతది. గసొంటి టైంల ముసలోళ్లందర్ని ఓ సగం చీకటి వరండల వరుసగ కూసోవెట్టి పోయిన్రు. నేను ఫార్మసీ కాడికి పోయిన ఐదు నిమిషాలల్ల అత్తమ్మ బాత్రూంకు లేచింది. బాత్రూం కాడ తెల్ల టైల్స్, కడప గూడ తెల్ల టైల్సే, నాలుగు వేళ్ల ఎత్తు. కాలు తట్టుకున్నది. పక్కన ఎవరిదో కొడుకు టక్కున రెక్క పట్టుకున్నడు, లేకుంటె ఇంకో చెయ్యి పోతుండె. పడ్డోళ్లకు కండ్లు చూసే దవాఖానల పడిపోయే మెట్టు! రిసెప్షన్‌ల చెప్తె "సార్‌కు చెప్తం" అన్నరు. పోయిన మంగళవారం ఆపరేషన్ తారీఖు తీసుకోను మళ్ల పోయిన, మెట్టు అట్లనే తెల్లగ ఉన్నది.

మా ఇంట్లనైతె పచ్చ రేడియం టేపు తెచ్చి అన్ని మెట్ల అంచులకు వేసినం, ఆఖరి మెట్టుకు రెండు వరుసలు, డాబా మెట్ల కాడ లైటు గూడ పెట్టించినం. మా ఆయననే వేసిండు, ఏమనకుండ.

ఆపరేషన్ ప్యాకేజి మాకు 22 వేలు చెప్పిన్రు, ఒక్క దూరానికే పనిచేసే లెన్స్. అంత పెట్టలేనోళ్లకు వరంగల్‌ల సర్కారు ప్రాంతీయ కంటి దవాఖాన ఉన్నది, ఫస్టు అక్కడ అడిగి చూడండి.

డాక్టరమ్మకు 5, చూసే పిల్లలకు 5, అద్దాల కౌంటర్‌కు 1. పోయేటోళ్లు పాత అద్దాలన్ని, గోలీల చీటీలన్ని ఒక సంచిల వేసుకొని పోండి, మీరొక్కలే కాక ఇంకొకలను తోలుకపోండి, ఒకలు మందులకు పోతె ఒకలు పక్కన ఉండాలె. బాత్రూం వరండ చివర ఎడమ దిక్కు ఉంటది, కడప కాడ రెక్క పట్టుకోండి.