నాలుగో పాఠం కోసమైనా వినవచ్చు (అయిదుకు మూడు నక్షత్రాలు)

వేటాడుతూ, దుంపలూ కాయలూ సేకరిస్తూ బతికే నేటి సమాజాలను చూసి చరిత్రపూర్వ మానవుణ్ణి అర్థం చేసుకోవడం ఎలాగో చెబుతామన్న ఆన్‌లైన్ కోర్సు ఇది. మొత్తం ఎనిమిది పాఠాలు. మొదటిది చూడగానే డబ్బు వెనక్కి అడుగుదామనుకున్నాను. టాంజానియాలోని హద్జా వేటగాడు విల్లు ఎక్కుపెడుతుంటే వెనక నుంచి గంభీరమైన గొంతు 'ఇదే మన గతం' అంటుంది. వీడియో ఆపి చూశాను. ఆ బాణానికున్నది ఇనుప ములికి! హద్జా వారికి ఆ ఇనుము పొరుగువారితో మారకం వల్ల వస్తుంది. రాతియుగంలో ఇనుమేమిటని అధ్యాపకుడికి తోచలేదు కాబోలు.

నాలుగో పాఠం దగ్గర నా కోపం చల్లారింది. లూయిస్ బిన్‌ఫోర్డ్ అనే పురావస్తు శాస్త్రవేత్త 1969లో అలాస్కా వెళ్లి, కారిబూ జింకలను వేటాడే నునమియుట్ ప్రజల మధ్య పని మొదలుపెట్టాడు. పొయ్యి చుట్టూ కూర్చున్న మగవాళ్లు ఎముకలు పగలగొట్టి మూలుగ తింటుంటే చిన్న ముక్కలు కాళ్ల దగ్గరే రాలేవి. పెద్దవాటిని ముందుకో, భుజం మీదుగా వెనక్కో విసిరేసేవారు. గాలి మళ్లి పొగ మీదికొస్తే అవతలి పక్కకు జరిగేవారు. ఇదంతా కొలిచి పటాలు గీసుకున్నాక, ఫ్రాన్స్‌లోని పాన్సెవాన్‌లో రాతియుగపు రెయిన్‌డీర్ వేటగాళ్లు వదిలిన పొయ్యిల వైపు తిరిగాడు. అక్కడ గుడారాలుండేవని, ఆ చోటును తవ్విన ఫ్రెంచ్ పురావస్తు శాస్త్రవేత్త లెర్వా-గూరాన్ అన్నాడు. కాదు, వాళ్లు ఆరుబయటే కూర్చున్నారు, గాలి మళ్లినప్పుడు చోటు మార్చారు అని బిన్‌ఫోర్డ్ వాదన. ఆ మాట నాకు నచ్చింది. పొగ కళ్లలో పడితే ఏ కాలపు మనిషైనా జరగాల్సిందే కదా.

ఆరో పాఠంలో మళ్లీ పాత ధోరణే. దక్షిణాఫ్రికా ప్రాంతపు కలహారి ఎడారిలోని జుహోవన్సి ప్రజలు తిండి కోసం వారానికి 12 నుంచి 19 గంటలే పనిచేసేవారని, రాతియుగం కూడా అంత తీరిగ్గానే గడిచిందని తేల్చేశారు. మానవశాస్త్రవేత్త రిచర్డ్ లీ 1964లో ఒకే విడిదిలో నాలుగు వారాలు వేసిన లెక్క అది. కాయలు పగలగొట్టడం, వండటం అందులో చేరలేదు. ఉత్తర అమెరికా వాయవ్య పసిఫిక్ తీరంలో సాల్మన్ చేపలు ఎండబెట్టి నిల్వచేసుకుని, వ్యవసాయం లేకుండానే నాయకులనూ బానిసలనూ కలిగి ఉన్న సమాజాల ఊసైనా లేదు. వాటిని చూపిస్తే ఆ తీరిక కథ నిలవదు మరి.

పటాలు ఫోనులో అసలు కనబడవు, కంప్యూటర్ తప్పనిసరి.

ఇనుప ములికి గురించి ప్రశ్నల పెట్టెలో రాశాను. నెల దాటింది. 'మీ ఆసక్తికి ధన్యవాదాలు' అని మాత్రం వచ్చింది.