బలి అంటే శిక్షా, శుద్ధా? సిలువను ఎలా అర్థం చేసుకోవడం మేలు?

ఈస్టర్‌కు ముందు శ్రమల దినాలు వచ్చాయంటే మా యూత్ మీటింగులో ఏటా ఒకే ప్రశ్న. ఈసారి ఇంటర్ చదివే అమ్మాయి అడిగింది: "తండ్రి కోపం చల్లారాలంటే కొడుకు చావాలా అంకుల్? ఊరికే క్షమించకూడదా?" కిందటేడు ఇంకొకరు ఇదే వేరే మాటల్లో అడిగారు. అందుకే ఈసారి కూర్చుని రాస్తున్నాను.

యేసు మరణం బలి అని అందరం నమ్ముతాం. ఆ బలి ఏం చేసింది అన్న దగ్గరే దారులు చీలతాయి. మన పాపానికి పడాల్సిన శిక్ష ఆయన మీద పడిందనేది ఒకటి. ఆయన అర్పించిన ప్రాణం మన పాపాన్ని కడిగి మనల్ని దేవుని దగ్గరకు చేర్చిందనేది రెండోది. మన తెలుగు బైబిల్లో ఒక్క పత్రిక (లేఖ)లోనే ఈ రెండూ కనిపిస్తాయి. 1 యోహాను 2:2లో "శాంతికరము" అని ఉంటుంది, 4:10లో "ప్రాయశ్చిత్తము" అని ఉంటుంది. గ్రీకులో రెండు చోట్లా ఉన్నది హిలస్మోస్ అనే ఒకే మాట. కోపాన్ని శాంతింపజేసేది అనుకుంటే మొదటి దారి, పాపాన్ని పోగొట్టేది అనుకుంటే రెండో దారి.

మొదటిది మనకు బాగా అలవాటైనది. జడ్జి తీర్పు చెప్పి, తానే కిందికి దిగి వచ్చి జరిమానా కట్టాడనే ఉదాహరణ వినని వాళ్లు మన సంఘాల్లో ఉండరేమో. దీని వెనక పెద్ద చరిత్రే ఉంది. 1098 ప్రాంతంలో ఆన్సెల్మ్ అనే క్రైస్తవ పండితుడు, పాపం వల్ల దేవుని గౌరవానికి లోటు వచ్చిందని, ఆ అప్పు మనిషి తీర్చాలి కానీ దేవుడు మాత్రమే తీర్చగలడని వాదించాడు. ఆయన చెప్పింది శిక్ష గురించి కాదు, శిక్షకు బదులుగా చెల్లించే దాని గురించి. 16వ శతాబ్దంలో ప్రొటెస్టెంట్ సంస్కర్తలు, ముఖ్యంగా న్యాయశాస్త్రం చదివిన కాల్విన్, దాన్ని కోర్టు భాషలోకి తెచ్చారు. అప్పు స్థానంలోకి శిక్ష వచ్చింది.

ఈ వాదాన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు. "మన సమాధానార్థమైన శిక్ష అతనిమీద పడెను" అని యెషయా 53లో స్పష్టంగానే ఉంది. తాను చేసింది తలచుకుని నిద్రపట్టని మనిషికి "నీ శిక్ష తీరిపోయింది" అన్న మాట ఇచ్చే ఊరట ఇంకేదీ ఇవ్వలేదు. ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని నేను ఆ అధ్యాయమే చదివాను, ఇక ముందూ చదువుతాను.

కానీ బలి అనే మాటకు అర్థం వెతకాల్సింది కోర్టులో కాదు, బలుల నియమాలున్న లేవీయకాండంలో. అక్కడికి వెళితే చిత్రం మారిపోతుంది. 16వ అధ్యాయంలో ప్రాయశ్చిత్త దినాన రెండు మేకపోతులుంటాయి. ప్రధాన యాజకుడు రెండు చేతులూ తలమీద ఉంచి ఇశ్రాయేలీయుల పాపాలన్నీ ఒప్పుకొని మోపేది బతికున్న మేక మీద. దాన్ని చంపరు, అరణ్యంలోకి పంపేస్తారు. వధించిన మేక మీద పాపాలు మోపినట్టు అక్కడ లేదు. దాని రక్తాన్ని ఆరాధన గుడారంలోని తెర లోపలికి తీసుకెళ్లి కరుణాపీఠం (మందసం మూత) మీద, దాని ఎదుట చిలకరిస్తారు. జనం అపవిత్రత వల్ల మైలపడిన పరిశుద్ధ స్థలం శుద్ధి అయ్యేది దానితోనే. రక్తానికి ఆ శక్తి ఎక్కడిదో 17:11 చెబుతుంది: ప్రాణం రక్తంలో ఉంది, అందుకు. అంటే బలిపీఠం దగ్గరకు చేరేది ప్రాణం. అక్కడ ఎవరికీ శిక్ష అమలు కావడం లేదు.

ఇంకో మాట. గువ్వల్ని కూడా కొనలేని బీదవాడు పాపపరిహారార్థబలిగా గోధుమపిండి తెస్తే చాలని 5:11లో ఉంది. పిండిని శిక్షించడం అంటూ ఏముంటుంది? "రక్తము చిందింపకుండ పాప క్షమాపణ కలుగదు" అన్న హెబ్రీ 9:22ను మనం చాలాసార్లు సగమే చదువుతాం. ఆ వాక్యంలోనే "సామాన్యముగా చెప్పవచ్చును" అని ఉంది. దానికి కాస్త ముందు, 14వ వచనంలో, తన్ను తాను అర్పించుకొన్న క్రీస్తు రక్తం మన మనస్సాక్షిని "శుద్ధిచేయును" అని ఉంది.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది, ఈ బలిలో ఇచ్చేది ఎవరు అన్నది. మన ఊళ్లలో బలి అనగానే గుర్తొచ్చేది జాతర. అమ్మవారికి ఆగ్రహం వస్తే ఊరికి కీడు, కాబట్టి ఊరంతా కలిసి పొట్టేలునో కోడినో ఇచ్చి శాంతింపజేస్తుంది. మనిషి ఇస్తాడు, పైనున్న వాళ్లు పుచ్చుకుంటారు. మన తాతలు ఆ ఊళ్లలో నుంచే వచ్చారు, బలి అనే మాటకు ఆ అర్థం మనలో ఇంకా ఉంది. సువార్తలో మాత్రం దేవుడే ఇస్తాడు. "దేవుడు క్రీస్తునందు లోకమును తనతో సమాధానపరచుకొనుచు" ఉన్నాడని పౌలు రాశాడు. లోకం దేవుణ్ణి సమాధానపరచిందని ఎక్కడా రాయలేదు. "నా అంతట నేనే దాని పెట్టుచున్నాను" అని యేసు కూడా తన ప్రాణం గురించి అన్నాడు. శిక్ష భాషను జాగ్రత్త లేకుండా వాడితే, ప్రేమించే కుమారుడు ఒకవైపు, కోపంతో ఉన్న తండ్రి ఇంకోవైపు నిలబడతారు. ఆ అమ్మాయి ప్రశ్న అక్కడ నుంచే పుట్టింది. తప్పు ఆమెది కాదు, అలా బోధించిన మనది.

ఇవి కాక ఇంకో రెండు వాదాలూ ఉన్నాయి. క్రీస్తు మరణాన్నీ సాతానునూ జయించాడన్నది తొలి శతాబ్దాల సంఘానికి ప్రియమైన మాట, 1930లో స్వీడన్‌కు చెందిన వేదాంత పండితుడు గుస్తాఫ్ ఔలేన్ దాన్ని మళ్లీ ముందుకు తెచ్చాడు. ఈస్టర్ పాటలకు అది బాగా అతుకుతుంది గానీ బలి ఎందుకో చెప్పదు. సిలువలోని ప్రేమ మన మనసు కరిగిస్తుందన్నది మధ్యయుగ పండితుడు అబెలార్డ్ పేరు మీద చెప్పే వాదం. నిజమే గానీ చాలదు.

ఈ మంచి శుక్రవారం ప్రసంగానికి, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో నాకు నాలుగో మాట ఇచ్చారు: "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి?" తండ్రి ముఖం తిప్పుకున్నాడని చెప్పడం అక్కడ అలవాటు, నేనూ ఒకప్పుడు అలాగే చెప్పాను. కానీ అది 22వ కీర్తన మొదటి మాట. అదే కీర్తన 24వ వచనం, బాధపడేవాడి బాధను దేవుడు తృణీకరించలేదని, అతనికి తన ముఖం దాచలేదని, మొఱ్ఱపెట్టినప్పుడు విన్నాడని చెబుతుంది. ఈసారి ఆ రెండు వచనాలూ కలిపి చదువుతాను. ఆ అమ్మాయిని ముందు వరుసలో కూర్చోమన్నాను.