కథ రాయడం నేర్పిస్తామంటే 6,999 కట్టాను, మీరు కట్టే ముందు ఇది చదవండి

నల్లగొండలో నాది చిన్న జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్. అర్జీలు, పింఛన్ దరఖాస్తులు, అఫిడవిట్లు.. పొద్దంతా ఎవరెవరి బాధలో టైప్ చేస్తుంటాను. నలభై ఆరేళ్లొచ్చాక, చూసినవాటిలో ఒక్కటైనా కథగా రాయాలని బుద్ధి పుట్టింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. సరిగ్గా అప్పుడే ఫోన్‌లో ప్రకటన వచ్చింది: 99 రూపాయలకు రెండు గంటల ఆన్‌లైన్ క్లాస్, సున్నా నుంచి కథకుడి దాకా.

క్లాస్ చెప్పినాయన తప్పు చెప్పాడని అనను. ఎత్తుగడ ఎలా ఉండాలి, కథను ఎవరి కళ్లతో చెప్పాలి, సంభాషణ ఎక్కడ ఆపాలి, అన్నీ పనికొచ్చే మాటలే. చివరి అరగంట మాత్రం పశువుల సంత. పూర్తి కోర్సు అసలు ధర 25,000 అట, రాత్రి పదింటిలోపు కడితే 6,999 అట, ఇంకా ఏడు సీట్లే ఉన్నాయట. తెర మీద గడియారం వెనక్కి నడుస్తోంది. రికార్డు చేసి పెట్టిన వీడియోలకు సీట్లేమిటని అప్పుడు తట్టలేదు. ‘మీ ప్రతి కథనూ ఒక సీనియర్ రచయిత స్వయంగా చదివి, వాక్యం వాక్యానికీ సలహా ఇస్తారు’ అన్నారు చూడండి, ఆ మాటకే పడిపోయాను. 9:52కు కట్టాను. ఇంట్లో మోటార్ రిపేర్‌కని చెప్పాను, అది వేరే కథ.

వీడియోల సంగతి వదిలేయండి. అలాంటివి యూట్యూబ్‌లో ఊరికే దొరుకుతాయి. అసలు మోసం కథ చదవడం దగ్గరుంది.

నా మొదటి కథ మొత్తం నా దుకాణంలోనే జరుగుతుంది. పింఛన్ పని మీద వచ్చిన ఒక ముసలాయనకు మెషీన్ మీద వేలిముద్ర పడదు. బత్తాయి తోటల్లో పార పట్టీ పట్టీ వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. ‘ముద్ర పడతలేదు కొడుకా’ అంటాడు. ఆ ఒక్క మాట కోసమే కథ రాశాను. నాలుగు రోజులకు సీనియర్ రచయిత సలహా వచ్చింది: ‘మీ ప్రకృతి వర్ణన పాఠకుణ్ని కట్టిపడేస్తుంది. కథానాయిక మనోవేదనను మరింత లోతుగా చూపించండి. ముగింపులో ఆశ కనిపించాలి.’ నా కథలో ప్రకృతి అంటే సీలింగ్ ఫ్యాన్ ఒక్కటే. ఆడమనిషే లేదు. పైగా నేను పంపిన ప్రతిలో ముసలాయన మాటను ‘ముద్ర పడటం లేదు బాబూ’ అని దిద్దారు.

మా బ్యాచ్ వాట్సాప్ గ్రూప్‌లో వనపర్తి నుంచి ఒక అక్క ఉంది. ఆమె రాసింది అత్తాకోడళ్ల కథ. ఆమెకొచ్చిన సలహా అడిగి చూస్తే, నాకొచ్చిన మూడు వాక్యాలే, ఫుల్‌స్టాప్‌తో సహా. అనుమానం తీర్చుకుందామని రెండో అసైన్‌మెంట్ కింద, మా గల్లీ డ్రైనేజీ గురించి మున్సిపల్ కమిషనర్‌కు ఎవరో టైప్ చేయించుకున్న అర్జీని పేర్లు తీసేసి, ‘ఎదురుచూపు’ అని శీర్షిక పెట్టి పంపాను. ‘పాత్రల మధ్య సంఘర్షణ చక్కగా కుదిరింది’ అని జవాబొచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చదివింది మనిషో మెషీనో కూడా నాకు తెలియదు, చదవలేదన్నది మాత్రం ఖాయం.

తర్వాత వారమే ఫోన్: మీ కథ సంకలనానికి ఎంపికైంది, ఐఎస్‌బీఎన్ (పుస్తకానికిచ్చే గుర్తింపు నంబర్) ఖర్చు, ప్రింటింగ్ కలిపి 2,500 కట్టండి, పది కాపీలు మీరే కొనాలి. ఏ కథ అని అడిగితే ‘ఎదురుచూపు’ అన్నారు! ఐఎస్‌బీఎన్ నంబర్ మన దేశంలో ఉచితం. కేంద్ర విద్యాశాఖ కిందున్న రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఇస్తుంది. దానికి మీ దగ్గర డబ్బు అడిగారంటేనే లెక్క తేడాగా ఉందని. మన వారపత్రికలకు, ఆదివారం అనుబంధాలకు కథ పంపడానికి ఎవరూ పైసా అడగరు. వాళ్లు పంపిన ఒప్పంద పత్రంలో ‘సర్వహక్కులు ప్రచురణకర్తవి’ అని ఒక లైన్ కూడా ఉంది. కథ రాయగానే కాపీరైట్ రాసినవాళ్లదే, ఎక్కడా రిజిస్టర్ చేయించక్కర్లేదు. దాన్ని ఇంకొకరికి ఇవ్వాలంటే మాత్రం మన సంతకంతో కాగితం ఉండాలి. ఆ సంతకం పెట్టకండి. పదిమందికి ఫారాలు నింపేవాణ్ని, చదవకుండా సంతకం చేయొద్దని రోజూ అందరికీ చెప్పేవాణ్ని, కోర్సు నిబంధనలు ఒక్క ముక్క చదవలేదు.

చదవకపోవడం వల్ల ఇంకో దెబ్బ తగిలింది. 6,999 కట్టేటప్పుడే ‘రచయితల క్లబ్’ పేరుతో నెలకు 299 ఆటోపే, అంటే నెలనెలా ఖాతాలోంచి దానంతటదే కోసుకునేలా పెట్టించారు. మూడు నెలలు పోయాక చూసుకున్నాను. డబ్బు కోసేముందు మెసేజ్ వస్తుంది కానీ, లోన్ మెసేజ్‌ల మధ్య అదెవరు చూస్తారు? ఇంత చిన్న మొత్తాలకు ప్రతి నెలా పిన్ కూడా అడగదు. మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అని ఉంటుంది, ఇప్పుడే తెరిచి చూడండి. అక్కడే రద్దు చేయొచ్చు, కంపెనీ అనుమతి అక్కర్లేదు.

రీఫండ్ అడిగితే ‘సలహా ఇచ్చాం కదా సార్’ అన్నారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, వనపర్తి అక్కవి, నావి సలహాలు రెండూ పక్కపక్కన పెట్టి పంపాను. క్లబ్ డబ్బు 897 వాపసు వచ్చింది. మిగతాది రాలేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లబోతున్నాను, అందుకే ఆ కంపెనీ పేరు రాయడం లేదు. మనం కట్టింది 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు. 2019 చట్టం వచ్చాక కంపెనీ ఎక్కడున్నా మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. రెండేళ్లలోపు వేయాలి. కాబట్టి ప్రకటన స్క్రీన్‌షాట్, పేమెంట్ రసీదు, వాళ్ల వాగ్దానాల మెసేజ్‌లు డిలీట్ చేయకండి. నేను మొదటి క్లాస్ ప్రకటన దాచుకోలేదు, ఇప్పుడు దానికోసమే తిప్పలు.

ఇంకెవరైనా ఇలాంటి కోర్సుకు డబ్బు కట్టబోతుంటే, కట్టకముందే మీ ఒక్క పేజీ పంపి, చదివి చెప్పమనండి. చదివేదెవరో పేరు అడగండి, ఆయన రాసినవి ఎక్కడ అచ్చయ్యాయో చూడండి. ‘బాగుంది, ఇంకా లోతు కావాలి’ అనేది ఏ కథకైనా అతుకుతుంది. మీ కథలో మాత్రమే ఉన్నదేదో ఆ జవాబులో ఉండాలి. రాత్రి పదింటి గడియారం చూపిస్తే ఫోన్ పక్కన పెట్టి అన్నం తినండి.

1922లోనే ‘నీలగిరి’ అనే తెలుగు పత్రిక నడిచిన ఊరు మా నల్లగొండ. ఇక్కడ నా కథ చదివిపెట్టేవాళ్లు దొరకరనుకుని ఫోన్‌లో వెతుక్కున్నాను. ఇప్పుడు ఆదివారాలు లైబ్రరీకి పోతున్నాను. పేపర్ చదవడానికి రోజూ వచ్చే ఒక రిటైర్డ్ తెలుగు సారుకు భయంభయంగా ఆ వేలిముద్ర కథ ఇచ్చాను. మొదటి పేజీ మొత్తం పెన్సిల్‌తో కొట్టేశాడు. ముసలాయన మాట దగ్గర ఆగి, అద్దాలు తీసి అడిగాడు: ‘ముద్ర పడకపోతే వేలు తుడుసుకుంటడు కదా, దేనికి తుడుసుకున్నడు? తన ధోతికా, నీ కౌంటర్ మీది గుడ్డకా?’

నేను అది రాయనే లేదు.