హైదరాబాద్ నుంచి డాలస్: 19 గంటలని చెప్పి అమ్మిన టికెట్

"తెల్లవారుజామున 4:20కి ఎక్కితే అదే రోజు రాత్రి 11:20కి డాలస్‌లో దిగిపోతారు మేడమ్, 19 గంటలే" అన్నాడు టికెట్ ఏజెంట్. వేసవిలో డాలస్ టైము మనకంటే పదిన్నర గంటలు వెనక. అది కలిపితే మొత్తం ఇరవై తొమ్మిదిన్నర గంటలు! పక్కన 72 ఏళ్ళ అత్తయ్య ఉంటారని తెలిసీ అలా చెప్పి అంటగట్టాడు. మనిషికి 1,18,400.

దుబాయ్ దాకా నాలుగు గంటలు హాయిగా గడిచాయి. అక్కడ లేఓవర్, అంటే తర్వాతి విమానం కోసం ఆగడం, తొమ్మిది గంటలు. ఇనుప కుర్చీలో అత్తయ్య ఒరిగి పడుకుందామంటే చేతుల దగ్గర అడ్డాలు. కాసేపటికి పాదాలు వాచి చెప్పులు ఎక్కలేదు. నా చున్నీ మడిచి బ్యాగు మీద వేసి కాళ్ళు పైకి పెట్టించాను. టీ 22 దిర్హామ్‌లు, మన డబ్బుల్లో 500 పైమాటే. ఆవిడ ఒక్క గుక్క తాగి, "మీ మరిదినే మన దగ్గరికి రమ్మనాల్సింది" అని మొహం తిప్పేసుకున్నారు. తర్వాత మూడు గంటలు నాతో మాట్లాడలేదు. ఇంటి నుంచి తెచ్చిన పులిహోరే మమ్మల్ని కాపాడింది.

అసలు కడుపుమండింది వీల్‌చైర్ విషయంలో. "అసిస్టెన్స్ చార్జ్" అని ఏజెంట్ 3,000 తీసుకున్నాడు. శంషాబాద్ కౌంటర్లో అమ్మాయి "దానికి డబ్బులేమీ ఉండవండీ, బుకింగ్‌లో చెబితే చాలు" అంది. పైగా మా బుకింగ్‌లో ఆ రిక్వెస్టే లేదు! పాపం ఆ అమ్మాయే అప్పటికప్పుడు పెట్టించింది. దుబాయ్‌లో కుర్చీ తోసిన నేపాలీ అబ్బాయి అత్తయ్యను ముందు బాత్రూమ్‌కి తీసుకెళ్ళి, ఆ తర్వాతే గేటు దగ్గర దించాడు. అంత ఓపిక సొంతవాళ్ళకీ ఉండదు.

దుబాయ్ నుంచి డాలస్ దాదాపు 12,900 కిలోమీటర్లు, ఒకే బిగిన 16 గంటల పైన. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి నరకం. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు కాబట్టి ఎక్కడో ఆగక తప్పదు. అలాంటప్పుడు పెద్దవాళ్ళకి లండన్ మీదుగా వెళ్ళడమే మేలంటాను. దూరం రెండు దారుల్లోనూ సుమారు 15,400 కిలోమీటర్లే, కానీ లండన్ దాదాపు సరిగ్గా సగంలో ఉంటుంది. పదేసి గంటల చొప్పున రెండు విడతలు, మధ్యలో లేచి నడవచ్చు. ఏ దారైనా లేఓవర్ మూడు నాలుగు గంటలుండాలి. అంతకంటే తక్కువైతే వీల్‌చైర్‌తో పరుగులు, టెన్షన్.

టికెట్ కొనేముందు "గాల్లో ఎన్ని గంటలు, నేల మీద ఎన్ని గంటలు" అని విడివిడిగా రాయించుకోండి. తిరుగు ప్రయాణానికి 11,200 అదనంగా కట్టి, దుబాయ్ లేఓవర్‌ని మూడున్నర గంటలకు తగ్గించుకున్నాం. వచ్చేటప్పుడు వెనక గాలి తోడు కాబట్టి పెద్ద విడతలో గంటకు పైగా కలిసొస్తుంది. వీల్‌చైర్‌కి మాత్రం ఈసారి నేనే ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి చెప్పాను. పైసా అడగలేదు. ఏజెంట్ దగ్గరున్న ఆ 3,000 ఇంకా రాలేదు, వదిలిపెట్టను.