మోకాలి చిప్ప కింద పట్టీ: రెండేళ్ళు వాడాక

నేను కొన్నది మోకాలంతా కప్పే నీక్యాప్ కాదు, చిప్పకి సరిగ్గా కింద కట్టుకునే రెండు వేళ్ళ వెడల్పు పట్టీ. 2023 సంక్రాంతి అయిన వారానికి శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర మందుల షాపులో 280 రూపాయలకి తీసుకున్నాను.

వయసు 38. వీలున్న సాయంత్రాలు మా ఊరి కళ్ళంలో వాలీబాల్. ఆ పండక్కి టోర్నమెంట్ పెట్టుకుని మూడు రోజుల్లో పదకొండు మ్యాచ్‌లు ఆడాను. అంతకుముందు వారానికి రెండు మూడు ఆడితే గొప్ప. నాలుగో రోజు ఆమదాలవలస స్టేషన్లో ఫుట్‌బ్రిడ్జి దిగుతుంటే కుడి చిప్ప కింద అంచున సూదితో పొడిచినట్టయింది. రెయిలింగ్ పట్టుకుని, ముసలాళ్ళలా ఒక్కో మెట్టూ పక్కకి తిరిగి దిగాను. వెనకాల వస్తున్న మా బావమరిది "ఏటి బావా, అప్పుడే అయిపోనావా?" అన్నాడు.

నొప్పి తీరు కూడా విచిత్రమే. ఆట మొదట్లో కలుక్కుమంటుంది, ఒళ్ళు వేడెక్కాక మాయమవుతుంది, మర్నాడు పొద్దున్న వడ్డీతో సహా వస్తుంది.

పట్టీ కట్టిన మొదటి రోజే తేడా తెలిసింది. గెంతినప్పుడు సగం నొప్పి లేదు. ఆ సంబరంలో ఇక రోజూ ఆడేశాను. మూడు వారాలకి పట్టీ ఉన్నా నొప్పే, లేకపోయినా నొప్పే. తప్పు పట్టీది కాదు, నాది.

అప్పుడు వెళ్ళాను ఫిజియోథెరపీ మేడమ్ దగ్గరికి. చిప్పనీ కాలి ఎముకనీ కలిపే తాడు లాంటి బంధానికి (టెండన్‌కి) ఓపిక మించిన గెంతులు పడ్డాయని, వాలీబాల్ వాళ్ళకి ఇది మామూలేనని చెప్పారు. పూర్తిగా మానేస్తే అది ఇంకా బలహీనపడుతుందట. గెంతులు తగ్గించి, కాలికి బలం పెంచమన్నారు. మొదట చెప్పిన వ్యాయామం వినగానే నవ్వొచ్చింది: గోడకుర్చీ! హోంవర్క్ చేయనందుకు బళ్ళో మేస్టారు వేయించినదే. 45 సెకన్లు కూర్చోవడం, రెండు నిమిషాలు ఆగడం, అలా ఐదుసార్లు. మా పాప లెక్కపెట్టేది, ముప్ఫై దగ్గరికొచ్చేసరికి కావాలని నెమ్మదించేది. తర్వాత బరువు పట్టుకుని నెమ్మదిగా కూర్చుని లేవడాలు. చేస్తున్నప్పుడు కొంచెం నొప్పి ఉన్నా పర్లేదు, మర్నాటికి పెరక్కూడదు. అదొక్కటే కొలత. మెట్లు మామూలుగా దిగడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

నొప్పి మాత్రల జోలికి మాత్రం పోలేదు. మా ఆవిడది కవిటి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఇంటింటా చూసినవాళ్ళు. ఆ మాత్రలు అదేపనిగా మింగితే కిడ్నీలకి మంచిది కాదని షాపులో చెప్పకముందే ఇంట్లో చెప్తారు.

ఇక పట్టీ సంగతి. కూర్చుని కాలు కాస్త మడిచి, చిప్ప కింది అంచుకీ దాని దిగువన చేతికి తగిలే ఎముక బొడిపెకీ మధ్య మెత్తటి చోట కట్టాలి. చిప్ప మీద కడితే దండగ. పిక్క తిమ్మిరెక్కితే బిగువు ఎక్కువైనట్టే. మే నెలలో చెమటకి కింద దురద, చిన్న పొక్కులు. వారానికోసారి సర్ఫ్ నీళ్ళలో నానబెట్టకపోతే వాసన. వెల్క్రోకి కళ్ళంలో గడ్డిపరకలన్నీ అంటుకుని ఏడాదిన్నరకి పట్టు పోయింది. మళ్ళీ అదే కొన్నాను, ఈసారి 320.

ఆట ఉన్న గంటకి ఈ డబ్బుకి న్యాయం చేస్తుంది. నయం చేస్తుందని అట్ట మీద రాసినది నమ్మకండి. మోకాలు వాచినా, మడత దగ్గర పట్టేసినా, నడుస్తుంటే జారిపోతున్నట్టున్నా పట్టీ కొనకుండా డాక్టరుకి చూపించండి.

మొన్న సంక్రాంతికి రోజుకి రెండే మ్యాచ్‌లు ఆడాను. మూడోదానికి పిలిస్తే లైన్ దగ్గర జెండా పట్టుకుంటానన్నాను.